బోర్డింగ్ కెన్నెల్లో పార్వో: మొదటి గంట నుంచి మళ్లీ గేటు తెరిచేదాకా

ఒక పప్పీ వాంతి చేసుకుని ఎర్రగా విరేచనం పెట్టిందంటే, బోర్డింగ్ (ఓనర్లు ఊరెళ్తే వాళ్ల కుక్కల్ని ఉంచుకునే కెన్నెల్) నడిపేవాళ్లు చాలామంది ముందు ఫినాయిల్ డబ్బా అందుకుంటారు. ఆ తర్వాత "సాయంత్రం దాకా చూసి ఓనర్‌కి చెబుదాంలే" అనుకుంటారు. ఈ రెండూ కలిస్తే ఒక్క పిల్లకు వచ్చిన జబ్బు వారం తిరిగేసరికి వరసంతా పాకుతుంది. ఆ జబ్బు పార్వో కావచ్చు, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్; ఫినాయిల్‌కి అది చావదు. సాయంత్రం దాకా ఆగితే ఆ పిల్లకు దక్కాల్సిన విలువైన గంటలు పోతాయి, మిగతా పిల్లల దగ్గరికి అదే చీపురు, అదే చెప్పులు, అదే చేతులు వెళ్తాయి.

హైదరాబాద్ శివార్లలోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఇంటి పక్క స్థలంలో, ఫాంహౌస్‌లో పది ఇరవై కుక్కలతో నడిచే బోర్డింగ్‌లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద పెద్ద ఐసొలేషన్ వార్డులు ఎవరికీ ఉండవు. ఉన్న గదులతో, ఉన్న ఇద్దరు మనుషులతో ఏం చేయగలమన్నదే ఇక్కడి విషయం. ఒక్కమాట ముందే చెబుతాను: పార్వో వచ్చినప్పుడు కుక్కల్ని విడదీయడం కంటే మనుషుల నడకను విడదీయడం ముఖ్యం. గదిలో పెట్టి తలుపేస్తే కుక్క అక్కడే ఉంటుంది. దాని గదిలోంచి పక్క గదిలోకి వైరస్‌ను మోసేది మనమే.

ముందు ఈ వైరస్ గురించి నాలుగు ముక్కలు

కుక్కల పార్వో వైరస్ 1978లో బయటపడింది. రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా వ్యాపించింది. ఇది కుక్క మలంలో కోట్లకొద్దీ బయటికొస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి 14 రోజుల దాకా. చిక్కు ఎక్కడంటే, లక్షణాలు కనిపించకముందే మలంలో వైరస్ రావడం మొదలైపోతుంది. అంటే ఈ రోజు మీకు జబ్బు కనిపించిందంటే, నిన్న ఆ పిల్ల ఆడుకున్న చోటంతా అంటుకున్నట్టే లెక్క.

ఒంట్లో వేగంగా పెరిగే కణాలంటే దీనికి ఇష్టం. పేగు లోపలి పొర, ఎముకల్లోని మజ్జ దీని గురి. పేగు పొర ఊడిపోతే రక్త విరేచనాలు. మజ్జ దెబ్బతింటే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ సమయంలో పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే పిల్ల చనిపోతుంది. వైద్యం లేకపోతే పదింట తొమ్మిది పోయే జబ్బు ఇది. వేళకు సెలైన్, మందులు పడితే మాత్రం పదింట ఎనిమిదీ తొమ్మిదీ బతుకుతాయి. ఈ తేడా కోసమే ఇంత హడావిడి.

ఇంకో సంగతి. కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు, శానిటైజర్ దాన్ని కరిగించేస్తాయి. పార్వోకి ఆ పొరే లేదు. అందుకే శానిటైజర్, డెట్టాల్, ఫినాయిల్, మామూలు ఫ్లోర్ క్లీనర్లు దాన్ని ఏమీ చేయలేవు. గది లోపల నెలల తరబడి, నీడపట్టున మట్టిలో ఏడాది దాకా అది బతికి ఉండగలదు.

మనుషులకు ఇది రాదు. మనుషుల్లో వచ్చే పార్వో వేరే వైరస్. పిల్లులకు మాత్రం ఇప్పటి రకాలు సోకవచ్చు. కాబట్టి అదే ఆవరణలో పిల్లుల్ని కూడా పెట్టుకునేవాళ్లు వాటి వ్యాక్సిన్లూ చూసుకోవాలి. "మన నాటు కుక్కలకు పార్వో రాదు" అన్న మాట చాలా చోట్ల వింటాం. వట్టి మాట. వీధి కుక్కల పిల్లలు ఈ జబ్బుతోనే గుట్టలుగా పోతుంటాయి. రాట్‌వీలర్, డాబర్‌మన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు ముప్పు మరింత ఎక్కువ.

1. అనుమానం ఎప్పుడు పడాలి

రక్తం కనిపించేదాకా ఆగకండి. పార్వో మొదటి సంకేతం గిన్నె దగ్గర తెలుస్తుంది. నిన్న మీరు తలుపు గడియ తీయకముందే గిన్నెలో మూతి పెట్టిన పిల్ల ఈ పొద్దున లేవదు. గోడవైపు మొహం పెట్టి, చల్లగా ఉండే కాలువ పక్కన పడుకుంటుంది. పిలిస్తే తోక చివర ఒక్కసారి కదులుతుంది, అంతే. పెదవి మూల నుంచి జొల్లు తీగలా వేలాడుతుంటుంది, మాటిమాటికీ గుటకలు వేస్తుంటుంది. అది వికారం. తర్వాత తెల్లటి నురగ వాంతి, లేదా పసుపు పచ్చటి వాంతి. కొన్ని గంటల్లో నీళ్ల విరేచనం, ఆ తర్వాత జిగురుగా, టమాటా రసం రంగులో రక్తం. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ మర్చిపోరు.

బోర్డింగ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు టెన్షన్ వల్ల, తిండి మారడం వల్ల విరేచనాలు మామూలే. నులిపురుగులు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, కరోనా రకం పేగు జబ్బులు కూడా ఉంటాయి. కంటి పుసి, ముక్కు కారడం, దగ్గు కలిసి ఉంటే డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు కావచ్చు. ఇవన్నీ తేల్చాల్సింది డాక్టరు. మీరు పెట్టుకోవాల్సిన లెక్క సులువైనది: 6 నెలల లోపు పిల్ల, లేదా వ్యాక్సిన్ పూర్తి కాని కుక్క, ఒక పూట తిండి మానేసి వాంతి గానీ విరేచనం గానీ చేసుకుంటే అది పార్వో కాదని తేలేదాకా పార్వోయే.

2. మొదటి గంట

పిల్లను ఎత్తుకుని ఆఫీసు గదికి పరుగెత్తకండి. అది ఉన్న గదిలోనే ఉంచి తలుపేయండి. దాని పక్క గదుల్లో కుక్కలుంటే వాటినీ కదపకండి. కదిపితే అవి పడుకున్న చోటు నుంచి ఇంకో చోటికి వైరస్ వెళ్తుంది. ఆట స్థలం మూసేయండి, ఆ రోజుకు కుక్కల్ని బయటికి వదలడం ఆపండి. కొత్త చేరికలు, ఇంటికి పంపడాలు రెండూ ఆపండి.

మీకు తట్టని విషయం నీళ్లు. చాలా కెన్నెళ్లలో అన్ని గదుల ముందు నుంచీ ఒకే కాలువ పోతుంది. మొదటి గదిలో పైపు పెట్టి కొడితే ఆ మలం నీళ్లు మిగతా గదుల గడపలన్నీ తాకుతూ చివరికి చేరతాయి. చల్లటి కాలువలో నాలుక పెట్టని పప్పీ ఉండదు. అందుకే ఆ గదిని పైపుతో కడగొద్దు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు, తుంపర్లు పదడుగుల దూరం పోతాయి. మలం మీద బ్లీచ్ నీళ్లు పోసిన పాత న్యూస్‌పేపర్లు కప్పి, కాసేపాగి, గ్లౌజులతో ఎత్తి కవర్లో కట్టేయండి. ఈగలు వాలకుండా వెంటనే చేయాలి.

ఆ తర్వాత రెండు ఫోన్లు. మొదటిది డాక్టరుకి, రెండోది ఓనర్‌కి. రెండిటి మధ్య పది నిమిషాలకు మించి తేడా ఉండకూడదు.

నోటితో ఏమీ పట్టొద్దు. వాంతులు చేసుకునే పిల్లకు సిరంజితో ఓఆర్ఎస్ పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల విరేచనాల మాత్రలు, దానిమ్మ తొక్క కషాయం, పెరుగన్నం ఇవేవీ వద్దు. విరేచనం ఆపడం ఇక్కడ వైద్యం కాదు, పోయిన నీళ్లు, లవణాలు నరంలోంచి ఎక్కించడమే అసలు వైద్యం. పిల్ల చల్లబడుతుంటే పాత టవల్ కప్పి వెచ్చగా ఉంచండి. బాగా నీరసించి కళ్లు తేలేస్తుంటే చిగుళ్లకు కాస్త గ్లూకోజ్ నీళ్లో తేనో రాయమంటారేమో డాక్టరుని ఫోన్లోనే అడగండి. చిన్న పిల్లల్లో షుగర్ పడిపోవడం చాలా త్వరగా జరుగుతుంది.

3. డాక్టరు దగ్గర

బయల్దేరే ముందు "పార్వో అనుమానం" అని ఆసుపత్రికి ఫోన్లో చెప్పండి. లేకపోతే వ్యాక్సిన్ కోసం వచ్చిన రెండు నెలల పిల్లల పక్కన మీ పిల్లను కూర్చోబెడతారు. ప్లాస్టిక్ టబ్బులో పేపర్లు పరిచి, దానిలోనే ఉంచి తీసుకెళ్లండి. నేల మీద దింపొద్దు. ఆసుపత్రి వాళ్లు పిలిచేదాకా కారులోనే ఉండండి. కారు సీటు మీద పట్టా పరుచుకోవడం మర్చిపోకండి. బట్ట సీటుకు అంటితే దాన్ని శుభ్రం చేయడం నరకం.

అక్కడ మలం మీద చిన్న కిట్‌తో టెస్ట్ చేస్తారు, పది పదిహేను నిమిషాల్లో గీతలు పడతాయి. రెండు గీతలు పడితే పాజిటివ్. కానీ ఒకే గీత పడిందని ఊపిరి పీల్చుకోకండి. జబ్బు మరీ మొదట్లోనో, బాగా ముదిరాకనో చేస్తే కిట్ తప్పు చెప్పగలదు. లక్షణాలు ఉంటే మర్నాడు మళ్లీ చేయించాలి, లేదా ల్యాబ్‌లో చేసే పీసీఆర్ పరీక్షకి పంపాలి. మరోవైపు, గత రెండు వారాల్లో వ్యాక్సిన్ వేయించిన పిల్లలో వ్యాక్సిన్ వైరస్ వల్లే సన్నగా రెండో గీత రావచ్చు. అందుకే వ్యాక్సిన్ కార్డు వెంట తీసుకెళ్లాలి. రక్త పరీక్షలో తెల్ల కణాలు బాగా తగ్గి ఉంటే అనుమానం బలపడుతుంది.

పిల్లను ఆసుపత్రిలో చేర్చడమే ఉత్తమం. నరానికి సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్, షుగర్, పొటాషియం చూసుకుంటూ ఉండటం ఇవన్నీ కెన్నెల్ గదిలో సాగవు. వాంతులు తగ్గే దాకా నాలుగు రోజులు కడుపు మాడ్చడం పాత పద్ధతి. ఇప్పుడు డాక్టర్లు కొద్దికొద్దిగా తొందరగానే తిండి మొదలుపెడుతున్నారు, పేగు త్వరగా కోలుకుంటుందని. మొదటి మూడు నాలుగు రోజులు గట్టెక్కితే చాలావరకు బయటపడినట్టే.

మీ ఊళ్లో చేర్చుకునే చోటు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల ఉన్న వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో అడగండి. ఎక్కడా కుదరకపోతే రోజూ డాక్టరు చూస్తూ చర్మం కింద సెలైన్, ఇంజెక్షన్లతో ఇంటి దగ్గరే చేసే పద్ధతి ఒకటుంది. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ దాన్ని పరీక్షించి చూసినప్పుడు ఆసుపత్రిలో చేర్చినవాటిలో దాదాపు 90 శాతం, ఇంటి పద్ధతిలో 80 శాతం బతికాయి. చేతులు ముడుచుకుని కూర్చోవడం కంటే అది ఎంతో మేలు. కాకపోతే అది డాక్టరు చేయాల్సిన పనే గానీ యూట్యూబ్ చూసి చేసేది కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 2023 నుంచి పార్వోకి ప్రత్యేకంగా ఒక యాంటీబాడీ ఇంజెక్షన్ కూడా అందుబాటులో ఉంది, అక్కడి డాక్టరుని అడగొచ్చు.

4. ఎవరెవరికి అంటుకుని ఉండొచ్చు: జాబితా

రిజిస్టరు తెరిచి గత 14 రోజుల్లో మీ దగ్గర ఉన్న ప్రతి కుక్క పేరూ రాయండి. ఇంటికి వెళ్లిపోయినవి కూడా. గ్రూమింగ్‌కి గంటసేపు వచ్చి పోయినవి కూడా. ప్రతి పేరు పక్కనా వయసు, చివరి వ్యాక్సిన్ తేదీ, జబ్బు పిల్లకు ఎంత దగ్గరగా మసిలిందీ రాయండి.

ఏడాది దాటి, వ్యాక్సిన్లన్నీ సక్రమంగా పడిన కుక్కలకు భయం చాలా తక్కువ. వాటిని షాంపూతో స్నానం చేయించి, బొచ్చుకు అంటిన వైరస్‌ను వదిలించి, ఇంటికి పంపవచ్చు. ఇంట్లో వ్యాక్సిన్ పడని కుక్కపిల్లలు ఉంటే మాత్రం పంపొద్దు.

అసలు దిగులు వ్యాక్సిన్ సగంలో ఉన్న పప్పీల గురించి. చాలామందికి ఇది అర్థం కాదు: "రెండు డోసులు పడ్డాయి కదండీ, ఇంకెందుకు వస్తుంది?" అంటారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం వ్యాక్సిన్‌ని పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లలో 8 వారాలకే పోవచ్చు, ఇంకో పిల్లలో 14 వారాల దాకా ఉండొచ్చు. అది తరిగిపోతూ, వ్యాక్సిన్‌ని అడ్డుకునేంత ఉండి వైరస్‌ని అడ్డుకునేంత లేని కొన్ని రోజులు మధ్యలో వస్తాయి. పార్వో దొరకబుచ్చుకునేది అప్పుడే. అందుకే చిన్న పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం (WSAVA) 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండాక పడే డోసు దాకా వేయమంటుంది. మన దగ్గర చాలా కార్డులు 12 వారాల దగ్గర ఆగిపోయి ఉంటాయి. ఆ పిల్లల్ని పూర్తిగా రక్షణ ఉన్నవిగా లెక్కేయకండి.

ఇలాంటి పప్పీలను 14 రోజులు విడిగా ఉంచాలి. రోజూ రెండు పూటలా తిండి, మలం, జ్వరం చూసి రాయాలి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 103 దాటితే డాక్టరుకి చెప్పాలి. ఇంట్లో వేరే కుక్కపిల్లలు లేని ఓనర్ అయితే విషయం చెప్పి ఇంటికి పంపడమే మంచిది. కెన్నెల్లో ఉంచితే రోజూ మళ్లీ అంటుకునే అవకాశం ఉంటుంది. ఆరోగ్యంగా కనిపిస్తున్నవాటికి వెంటనే బూస్టర్ వేయొచ్చా అని డాక్టరుని అడగండి. అప్పటికే వైరస్ చేరిన పిల్లను అది కాపాడలేకపోవచ్చు గానీ, ఇంకా చేరనిదాన్ని కొద్దిరోజుల్లోనే కాపాడుతుంది.

5. మనుషుల్ని విడదీయడం

ఇద్దరు పనివాళ్లుంటే ఒకరు అంటుకున్న వైపు, ఇంకొకరు ఆరోగ్యంగా ఉన్న వైపు. మధ్యలో మారకూడదు, భోజనం దగ్గర కూడా వేరుగానే. ఒక్కరే ఉంటే వరస ఇదీ: ముందు ఆరోగ్యంగా ఉన్న పప్పీలు, తర్వాత పెద్ద కుక్కలు, తర్వాత అనుమానం ఉన్న పప్పీలు, అన్నిటికంటే చివర జబ్బు గది. ఒకసారి జబ్బు గదిలోకి వెళ్లాక స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా వెనక్కి రావద్దు.

జబ్బు వైపు వస్తువులన్నిటికీ ఎర్ర రంగు గుర్తు పెట్టండి. ఎర్ర బకెట్, ఎర్ర మగ్గు, చీపురు కర్రకూ మాపుకూ ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టండి. కెన్నెళ్లలో పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాళ్లు. గోడ మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో రూల్స్ అంటిస్తే ఎవరికి పనికొస్తాయి? ఎర్ర టేపు ఎవరికైనా అర్థమవుతుంది.

గుమ్మం దగ్గర బ్లీచ్ నీళ్ల ట్రే పెట్టి, అందులో కాలు ముంచి నడిస్తే సరిపోతుందనుకోవద్దు. పదిసార్లు మట్టి కాళ్లు పడేసరికి ఆ నీళ్ల పని అయిపోతుంది. ఆ గదికంటూ వేరే రబ్బరు బూట్లు లోపలే ఉంచడం నయం. గ్లౌజులు ప్రతిసారీ కొత్తవి. చేతులు సబ్బుతో రుద్ది కడిగితే వైరస్ చావకపోయినా కొట్టుకుపోతుంది. పనివాడి ఇంట్లో కుక్కపిల్ల ఉందేమో అడగండి. సాయంత్రం వాడి చెప్పులతో పాటే పార్వో వాళ్లింటికి వెళ్లగలదు. గేటు బయట మీరు అన్నం పెట్టే వీధి కుక్కల పిల్లలకూ అంతే.

6. కడగడం

ఇక్కడ తొందర పనికిరాదు. చాలామంది మలం మీదే బ్లీచ్ గుమ్మరించి కడిగేసి అయిపోయిందంటారు. మురికి ఉన్నచోట బ్లీచ్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది, వైరస్ దాకా చేరదు. అందుకే వరస తప్పకూడదు.

ముందు మలం, వాంతి, వెంట్రుకలు, పేపర్లు అన్నీ ఎత్తి రెండు కవర్లలో కట్టండి. తర్వాత సర్ఫ్ నీళ్లతో బ్రష్ పెట్టి గచ్చు, గోడలు నాలుగడుగుల ఎత్తు దాకా, గ్రిల్ ఊచలు, తలుపు గడియ, తిండి గిన్నె పెట్టే స్టాండు అడుగు అన్నీ రుద్దండి. టైల్స్ మధ్య సందులు, కాలువ జాలీ కింద, తలుపు మూల బందులు, ఇవే ఎక్కువగా మిగిలిపోయే చోట్లు. పాత టూత్‌బ్రష్ వాడండి. మెల్లగా మగ్గుతో నీళ్లు పోసి కడిగి, నీళ్లు నిలవకుండా తుడవండి. అప్పుడు బ్లీచ్.

5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం దొరికితే ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు. అంటే 10 లీటర్ల బకెట్‌కి సుమారు 330 మి.లీ. మెడికల్ ఏజెన్సీల్లో, స్విమ్మింగ్ పూల్ సామాన్ల షాపుల్లో దొరికేవి ఒక్కోటి ఒక్కో గాఢతలో ఉంటాయి. లేబుల్ చూసి, 10 శాతం అయితే సగమే వేయండి. బ్లీచింగ్ పౌడర్ అయితే, 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా సరుకు 10 లీటర్లకు దాదాపు 60 గ్రాములు. ముందు ప్లాస్టిక్ డబ్బాలో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేటని వాడండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ మిగలదు. మూట విప్పితే ఘాటు రాకపోతే అది వట్టి సున్నమే.

తడి ఆరకుండా కనీసం 10 నిమిషాలు ఉండాలి. మన ఎండల్లో గచ్చు రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ పోస్తూ ఉండండి. ఆ తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కుక్కను లోపలికి వదలొచ్చు. కలిపిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే. మర్నాటికి పనికిరావు.

బ్లీచ్‌తో టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్‌ని గానీ, అమ్మోనియా ఉన్నవాటిని గానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి, పక్కన కుక్కలుండగా చల్లొద్దు. బ్లీచ్ ఘాటు పడనిచోట పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ పౌడర్లు, వైర్కాన్ లాంటివి, ఒక శాతం ద్రావణంగా వాడొచ్చు. ఖరీదెక్కువ గానీ లోహాన్ని తక్కువ తింటాయి.

బట్టలు వేడి నీళ్లలో, బ్లీచ్‌తో, మిగతావాటితో కలపకుండా ఉతకాలి. చెక్క మంచాలు, కొబ్బరి పీచు డోర్‌మ్యాట్లు, నమిలిన బొమ్మలు, దూది పరుపులు పారేయండి. వాటి మీద జాలి చూపితే మళ్లీ మొదటికొస్తుంది. పారేసేవాటిని గేటు బయట కుప్పలో వేయొద్దు, కట్టి ఇవ్వండి.

మట్టి, గడ్డి ఉన్న ఆట స్థలం అసలు సమస్య. దాని మీద ఎంత బ్లీచ్ పోసినా నమ్మకం లేదు. మలం మొత్తం ఎత్తేసి, గడ్డి కురచగా కోయించి, ఎండ నేరుగా పడేలా చెట్ల కొమ్మలు కొట్టించండి. ఆ తర్వాత కూడా వ్యాక్సిన్ పూర్తి కాని పప్పీలను ఏడాది దాకా అక్కడ వదలకపోవడమే భద్రం. పెద్ద కుక్కలకు ఫర్వాలేదు. కొత్తగా కెన్నెల్ కట్టేవాళ్లకు నా సలహా: పప్పీల ఆట స్థలం వేరుగా, గచ్చు చేయించి, సొంత కాలువతో పెట్టుకోండి. ఖర్చుకు వెనకాడేది అక్కడ కాదు.

7. ఓనర్లతో మాట

జబ్బు పిల్ల ఓనర్‌కి వాట్సాప్ మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. చుట్టుతిప్పి చెప్పొద్దు.

"నమస్తే మేడమ్. మీ బ్రూనో పొద్దున తినలేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, విరేచనంలో రక్తం ఉంది. పార్వో అనుమానంగా ఉంది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. టెస్ట్ అవగానే డాక్టరుగారితోనే మాట్లాడిస్తాను. వైద్యానికి మీరు సరేనంటే చాలు, వెంటనే మొదలుపెట్టిస్తాను."

ఓనర్ తిరుమల కొండ మీద క్యూలో ఫోన్ లేకుండా ఉండొచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడ అర్ధరాత్రి నిద్రలో ఉండొచ్చు. అందుకే చేర్చుకునే రోజే ఒక కాగితం మీద సంతకం ఉండాలి: ఓనర్ దొరక్కపోతే ఎవరికి చేయాలి, ఏ డాక్టరు, ఎంత ఖర్చు దాకా అడక్కుండా వైద్యం చేయించొచ్చు. ఈ కాగితం లేనందువల్ల పోయిన ప్రాణాలు పార్వో వల్ల పోయినవాటితో సమానంగా ఉంటాయేమో అని నాకు అనిపిస్తుంది.

మిగతా ఓనర్లకు ఆ రోజే చెప్పండి. దాచితే రెండు రోజుల్లో ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు ఎవరూ మీ మాట నమ్మరు. మెసేజ్ ఇలా ఉంటే చాలు: "మా దగ్గర ఒక పప్పీకి పార్వో తేలింది. మీ కుక్క ఫలానా తేదీల్లో ఇక్కడ ఉంది. ఫలానా తేదీ దాకా తిండి, మలం గమనించండి, వేరే పప్పీలతో కలవనివ్వకండి. ఏ తేడా ఉన్నా వెంటనే మీ డాక్టరుకి చూపించి నాకు చెప్పండి." జబ్బు పిల్ల పేరు, ఓనర్ పేరు అందులో రాయొద్దు.

"మీ దగ్గరే వచ్చింది" అన్న మాట తప్పకుండా వస్తుంది. ఫోన్లో వాదించకండి. తేదీలే కొంత చెబుతాయి. చేరిన మర్నాడే లక్షణాలు కనిపిస్తే ఇంటి నుంచో, కొన్న చోటు నుంచో తెచ్చుకున్నట్టే. చేరి పది రోజులు దాటాక వస్తే చాలావరకు మీ దగ్గరే అంటింది. మధ్యలో అయితే ఎవరూ గట్టిగా చెప్పలేరు. మీ దగ్గరే అంటిందని తేలితే ఖర్చులో వాటా మీరే ముందు ప్రస్తావించండి, వాళ్లు అడిగేదాకా ఆగకుండా.

పిల్ల చనిపోతే, ఓనర్ చూస్తానంటే చూడనివ్వండి, కానీ ఇంట్లో ఇంకో కుక్కపిల్ల ఉంటే ముట్టుకోవద్దని చెప్పండి. శరీరాన్ని టవల్‌లో చుట్టి రెండు మందపాటి కవర్లలో పెట్టి, పైన బ్లీచ్ నీళ్లతో తుడవండి. దహనం చేసే చోటు దొరికితే అదే మంచిది. పూడ్చాల్సి వస్తే బావికి, బోరుకి దూరంగా, వీధి కుక్కలు తవ్వలేనంత లోతుగా. కొత్త పిల్లను వెంటనే తెచ్చుకుంటామంటే ఆపండి. ఆ ఇంట్లో వైరస్ ఉంటే, 16 వారాల డోసు దాకా పడిన కుక్కనే తెచ్చుకోమనండి.

8. మళ్లీ తెరవడం

చివరి కేసు బయటపడ్డ రోజు నుంచి 14 రోజులు కొత్త కేసు లేకుండా గడవాలి. ఈలోగా పైన చెప్పిన కడుగుడు రోజుల తేడాతో కనీసం రెండు మూడుసార్లు జరగాలి. ఒక్కసారి ఎంత జాగ్రత్తగా కడిగినా ఏదో ఒక మూల మిగులుతుంది. మొదట పూర్తి వ్యాక్సిన్ ఉన్న పెద్ద కుక్కలనే తీసుకోండి.

కోలుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్ల గంతులేస్తున్నా, దాని మలంలో ఇంకో రెండు వారాల దాకా వైరస్ రావచ్చు. తిన్నగా దాని ఇంటికే పంపండి, స్నానం చేయించాకే. ఒకసారి తట్టుకున్న కుక్కకు ఏళ్లపాటు రక్షణ ఉంటుంది, కానీ మిగతా జబ్బుల వ్యాక్సిన్లు మానకూడదు.

ఇక చేర్చుకునే రూలు. 16 వారాలు నిండాక వేసిన డోసు, అది పడి కనీసం పది రోజులు. అంతకంటే చిన్న పిల్లల్ని బోర్డింగ్‌కి తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎంత బతిమాలినా, ఎంత పాత కస్టమరైనా. ఊరెళ్లక తప్పనివాళ్లకు, ఇంటికే వచ్చి చూసుకునే మనిషిని కుదిర్చిపెట్టండి.

వ్యాక్సిన్ కార్డును ఫోన్లో ఫొటోగా కాదు, చేత్తో పట్టుకుని చూడండి. ప్రతి డోసుకీ సీసా మీది స్టిక్కరు అంటించి ఉండాలి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న స్టాంపు ఉండాలి. కుక్కపిల్లను అమ్మినవాడు పెన్నుతో "సెవెన్ ఇన్ వన్ డన్" (ఏడు కలిపిన వ్యాక్సిన్ వేశాం) అని రాసిస్తే అది లెక్కలోకి రాదు. పుట్టిన తేదీని, డోసు తేదీని వేళ్ల మీద లెక్కేసి 16 వారాలు అయ్యాయో లేదో చూడండి. అనుమానం వస్తే కార్డు మీదున్న డాక్టరుకి ఓనర్ ముందే ఫోన్ చేసి అడగండి.